ఒక్క స్లాష్ తేడా

ఉప్పల్, నాచారం హాస్టళ్లలో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు తరచూ అడుగుతుంటారు: "అన్నా, ఓపెన్ సోర్స్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?" డాక్యుమెంటేషన్‌తో అంటాను. కోడింగ్ రానివాళ్ల పని అప్పగించాననుకుని మొహాలు చిన్నబుచ్చుకుంటారు. ఆ పనికి కావలసిన ఓపిక మంచి కోడర్లలోనూ అరుదు.

ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌నే చూడండి. కాపీ చేయాల్సిన ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలివి మాత్రమే వెళ్తాయి. పెట్టకపోతే ఫోల్డరే వెళ్తుంది. గైడ్‌లో ఆ స్లాష్ జారిపోయినా కమాండ్ ఆగదు, ఎర్రర్ రాదు, బ్యాకప్ మాత్రం మనం అనుకున్న చోట ఉండదు. ఇంకోటి, ఆప్షన్ ముందుండే రెండు హైఫన్లను కొన్ని ఎడిటర్లు కలిపి ఒకే పొడుగు గీత చేసేస్తాయి. చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. కమాండ్ దాన్ని ఆప్షన్‌గా గుర్తించదు. కొత్తగా నేర్చుకునే అమ్మాయి గైడ్‌ను అనుమానించదు, తనకే రావడం లేదనుకుంటుంది. నాకు బాధ అక్కడే.

అందుకే దిద్దేముందు ఆ కమాండ్‌ను కొత్త మెషీన్ మీద నడిపి చూడమంటాను. ఏ వెర్షన్‌లో ఏం చేస్తే ఏమైందో రెండు ముక్కల్లో రాయాలి. దిద్దుబాటును ప్రాజెక్టుకు పంపే పుల్ రిక్వెస్ట్ ఒక్కోదానిలో ఒకే రకం మార్పు ఉండాలి. అవతల ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చుని చూసే మనిషి కావచ్చు.

ఓపెన్ సోర్స్‌లో పాల్గొనేవారిని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020 అక్టోబరులో నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు అన్నారు. మన దేశపు యూట్యూబ్ పాఠం ఒకటి చూసి, రీడ్‌మీలో ఓ పొగడ్త మాట చేర్చి పంపినవాళ్లు ఎందరో! నెల మొదట్లోనే నిబంధన మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. దీనికి భిన్నంగా, కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు మొదట పట్టినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. దాన్ని బ్యాంకులో వేసుకోకుండా ఫ్రేము కట్టించుకున్నవాళ్లున్నారు. శ్రద్ధగా చదివారనడానికి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు.

నాచారం కుర్రాడొకడు ఈమధ్య ఓ లైబ్రరీ పేజీలో డిఫాల్ట్ విలువ తప్పుందని దిద్ది పంపాడు. తిరిగొచ్చింది. ఆ పేజీ కోడ్‌లోని కామెంట్ల నుంచి తనంతట తాను తయారవుతుందట, అక్కడ మార్చమన్నారు. ఫంక్షన్ తెరిచి చదివాడు. కామెంట్‌లో ముప్పై, కోడ్‌లో అరవై. ఏది సరైనదని మెయింటెయినర్లనే అడిగాడు. ఇప్పుడు దానికి టెస్ట్ రాస్తున్నాడు.