చక్కెర వాదం, ఒత్తిడి వాదం

మధుమేహం కిడ్నీని ఎలా పాడుచేస్తుందన్న ప్రశ్న చుట్టూ నాలుగు దశాబ్దాలుగా రెండు వాదాలు పక్కపక్కనే పెరిగాయి. మొదటిది చక్కెర వాదం. దీన్ని పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. షుగర్ అదుపు తప్పితే కిడ్నీలు దెబ్బతింటాయని ఏ డాక్టరైనా చెప్పే మాటే. రెండోది ఒత్తిడి వాదం. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ ఒక్కటే కాదిది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే కేశనాళికా గుచ్ఛం లోపల పెరిగే ఒత్తిడి. ఈ రెండు వాదాలూ నాకు ఇష్టమే. ఒకదాన్ని గెలిపించడానికి రెండోదాన్ని ఓడించాల్సిన పని లేదన్నదే ఇక్కడ నా మాట.

చక్కెర వాదానికి పెద్ద బలం 1,441 మంది టైప్-1 రోగులతో అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ పరీక్ష. 1993లో వెలువడిన ఆ ఫలితాల్లో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి మూత్రంలో ఆల్బుమిన్ మొదలయ్యే ముప్పు 39 శాతం తగ్గింది. దీనికి కారణం కణంలో ఉంది. కండర కణం ఇన్సులిన్ పిలిస్తే తప్ప గ్లూకోజును పెద్దగా లోనికి రానివ్వదు. కాగా కేశనాళికలను పట్టి ఉంచే మెసాంజియల్ కణానికి ఆ కట్టడి లేదు. రక్తంలో చక్కెర పెరిగితే లోపలా పెరుగుతుంది. ఆ మిగులులో కొంత డైఎసైల్‌గ్లిసరాల్ అనే కొవ్వు అణువుగా మారి ప్రొటీన్ కైనేజ్-సిని మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీనును పెంచుతుంది. దాంతో కొల్లాజెన్ జన్యువులు పనిలోకి దిగి, గుచ్ఛం మెల్లగా మచ్చకడుతుంది. 2001లో మైకేల్ బ్రౌన్‌లీ ఈ దారితో పాటు మరో మూడు దారులను కలిపి, అన్నిటికీ మూలం మైటోకాండ్రియాలో పుట్టే సూపరాక్సైడ్ అని ప్రతిపాదించారు.

ఒత్తిడి వాదానికి పుట్టిల్లు బోస్టన్‌లోని బ్యారీ బ్రెన్నర్ ప్రయోగశాల. మ్యూనిక్-విస్టార్ జాతి ఎలుకలకు కొన్ని గుచ్ఛాలు కిడ్నీ పైతలంలోనే కనిపిస్తాయి. సూక్ష్మదర్శిని కింద అతిసన్నని గాజుగొట్టం మొనను నేరుగా ఆ కేశనాళికలోకి గుచ్చి ఒత్తిడి కొలిచారు. మధుమేహం తెప్పించిన ఎలుకల్లో అది ఎక్కువగా ఉంది. రక్తం తెచ్చే అభివాహి ధమనిక సడలింది. తీసుకుపోయే అపవాహి ధమనిక మాత్రం రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోను పట్టులో బిగిసే ఉంది. పైతూము తెరిచి కిందితూము బిగించిన మడిలాంటి పరిస్థితి అది. 1986లో ఈ బృందం యాంజియోటెన్సిన్ తయారీని అడ్డుకునే ఎనలాప్రిల్ ఇచ్చి చూస్తే, చక్కెర ఎక్కువగానే ఉన్నా గుచ్ఛాలు నిలబడ్డాయి. మనుషుల్లో రుజువు కూడా 1993లోనే వచ్చింది, అదీ డీసీసీటీ వెలువడిన ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లోనే, కొద్ది వారాల తేడాతో. 409 మంది టైప్-1 రోగుల్లో అదే కోవకు చెందిన కాప్టోప్రిల్ వాడినవారికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) రెట్టింపయ్యే ముప్పు 48 శాతం తగ్గింది.

ఎంత దూరం నుంచి బయలుదేరినా, కణంలోకి వచ్చేసరికి ఈ రెండూ చుట్టాలే. యాంజియోటెన్సిన్ వచ్చి ఏటీ-1 గ్రాహకాన్ని తాకగానే కణపొరలోని కొవ్వు చీలి, అదే డైఎసైల్‌గ్లిసరాల్ విడుదలవుతుంది. మేల్కొనేది అదే ప్రొటీన్ కైనేజ్-సి. చక్కెర ఆ అణువును గ్లూకోజు నుంచి కట్టుకుంటూ వస్తే, యాంజియోటెన్సిన్ దాన్ని పొర నుంచి చీల్చి తీస్తుంది. అలాగే, ఒత్తిడికి పదే పదే సాగే మెసాంజియల్ కణం కూడా చివరికి టీజీఎఫ్-బీటానే స్రవిస్తుంది.

తేడా కాలంలో ఉంది. మిన్నెసోటాలో పాంక్రియాస్ మార్పిడి చేయించుకున్న ఎనిమిది మంది టైప్-1 రోగుల కిడ్నీ బయాప్సీలను మైకేల్ మావర్ బృందం పరిశీలించి 1998లో ప్రచురించింది. చక్కెర మామూలు స్థాయికి వచ్చి అయిదేళ్లయినా కిడ్నీలో చెప్పుకోదగ్గ మెరుగు లేదు. పదేళ్లకు మాత్రం మందమెక్కిన ఆధార పొరలు పలచబడ్డాయి. చక్కెర చేసిన గాయం అంత ఆలస్యంగా మానుతుంది. ఒత్తిడి సంగతి వేరు: యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే మూత్రంలో ఆల్బుమిన్ తగ్గడం చూస్తాం.

ఈ దారుల్లో అతికి పోయిన రెండు ప్రయత్నాలు మాత్రం దెబ్బతిన్నాయి. యాంజియోటెన్సిన్‌ను ఒక మందుతో ఆపితే మేలైంది కదా అని లోసార్టాన్‌కు లిసినోప్రిల్ జతచేసిన పరీక్షను 2013లో మధ్యలోనే ఆపేశారు. పొటాషియం పెరిగింది, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. అదే విధంగా, రెండు దారులూ కలిసే టీజీఎఫ్-బీటానే యాంటీబాడీతో అడ్డుకుంటే ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. మనుషుల్లో ఫలితం లేక ఆ పరీక్షా ఆగింది. టీజీఎఫ్-బీటా మచ్చ కట్టించడమే కాదు, మంటను చల్లార్చే పనీ చేస్తుంది. సంకేతాన్ని పుట్టించే కారణాన్ని తగ్గించడం వేరు, సంకేతాన్నే నొక్కేయడం వేరు.

ఈ రెండు వాదాలనూ ఒక మెట్టు మీదికి తెచ్చినవి గ్లిఫ్లోజిన్ మందులు. వీటి మూలరూపమైన ఫ్లోరిజిన్‌ను 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీశారు. మూత్రంలోకి వడకట్టిన గ్లూకోజును సమీప నాళిక తిరిగి పీల్చుకోకుండా ఇవి ఆపుతాయి. కనుక పుట్టుకతో ఇవి చక్కెర మందులు. అయితే గ్లూకోజుతో పాటు సోడియమూ వెనక్కి పోకుండా ముందుకు సాగి, నాళికలో ఉప్పును పసిగట్టే మాక్యులా డెన్సా కణాలను చేరుతుంది. అవి ఏటీపీని వదులుతాయి. 1929లో ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో కనుగొన్న ఆ శక్తి అణువే ఇక్కడ సంకేతం. అది అడినోసిన్‌గా మారి అభివాహి ధమనికను బిగిస్తుంది. గుచ్ఛంలో ఒత్తిడి దిగుతుంది. యాంజియోటెన్సిన్ మందులు కిందితూమును వదులు చేస్తే, ఇవి పైతూమును సరిచేస్తాయి. 2019లో 4,401 మంది టైప్-2 రోగుల మీద కెనాగ్లిఫ్లోజిన్ పరీక్షలో, యాంజియోటెన్సిన్ మందులు అప్పటికే వాడుతున్నవారికి కూడా ముఖ్యమైన ముప్పు మరో 30 శాతం తగ్గింది. 2020 నాటి డాపాగ్లిఫ్లోజిన్ పరీక్షలో మధుమేహం లేని కిడ్నీ రోగులకూ మేలు జరిగింది.

షుగర్ మందుగా పుట్టినది షుగర్ లేనివారి కిడ్నీని కాపాడిందంటే ఒత్తిడి వాదమే గెలిచిందని కొందరంటారు. నేనలా అనను. మధుమేహంలో చక్కెరే సమీప నాళికను గ్లూకోజునూ సోడియాన్నీ మరీ ఎక్కువగా పీల్చుకునేంత ఆశపోతుగా మార్చింది. ఒత్తిడి ఆ తప్పును గుచ్ఛం దాకా మోసింది. చక్కెరను అదుపు చేయడం ముఖ్యంగా జబ్బు రాకముందు చేసే పని, ఒత్తిడిని దించడం వచ్చాక కూడా చేయగల పని. అందుకే నెలనెలా షుగర్ చూసుకునేవారు ఏడాదికోసారైనా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. షుగర్ అంకె మొదటి వాదం చెప్పేదాన్ని మాత్రమే చెబుతుంది. కిడ్నీ మీద ఇప్పుడు పడుతున్న దెబ్బ ఈ రెండు పరీక్షల్లోనే తెలుస్తుంది.