నెదర్‌కాట్ పొలం, టోమోయె మడి

పరీక్షలు అయిపోగానే బెజవాడ గవర్నర్‌పేటలో వేసవి శిబిరాల ప్రకటనలు కనిపిస్తాయి. ఈత, కరాటే, చేతిరాతల సరసన ఇప్పుడు తోట శిబిరాలూ చేరుతున్నాయి. ఊరి బయట ఒక కుటుంబం తమ తోటలో పిల్లల్ని నాలుగు రోజులు ఉంచుకుని, ఎడ్లబండి ఎక్కించి, ముంజెలు తినిపించి పంపుతుంది. ఆలోచన మంచిదే. కానీ చిన్నపిల్లలకు పొలాన్ని ఎలా పరిచయం చెయ్యాలో తెలియాలంటే రెండు పాత ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది ఇంగ్లండులో, డెవన్ ప్రాంతంలోని ఇడ్స్‌లీ పల్లెలో 1976లో మొదలైంది. రచయిత మైకేల్ మోర్పర్గో, ఆయన భార్య క్లేర్ దాన్ని నెలకొల్పారు. క్లేర్ తండ్రి అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాల సంస్థ స్థాపకుడు. ఆయన నుంచి వచ్చిన ఆస్తితో నెదర్‌కాట్ అనే పెద్ద ఇల్లు కొని, నగరాల బడిపిల్లలను టీచర్లతో సహా వారం రోజులు అక్కడ ఉంచడం మొదలుపెట్టారు. పిల్లలు పందులకు మేత వేస్తారు, గుడ్లు ఏరుతారు, కొట్టం శుభ్రం చేస్తారు. చలైనా వానైనా మానరు. పశువు కడుపు నిండాలంటే ఎవరో ఒకరు మేత వెయ్యాలి కదా, ఆ వారం ఆ ఎవరో పిల్లలే. నెదర్‌కాట్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

మోర్పర్గో చాలాసార్లు చెప్పిన సంఘటన ఒకటుంది. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు నత్తి వల్ల ఎవరితోనూ నోరు విప్పేవాడు కాదు. అలాంటివాడు ఒక రాత్రి కొట్టం తలుపు దగ్గర నిలబడి గుర్రంతో ధారాళంగా మాట్లాడటం ఆయన చూశారు. 1982లో వచ్చిన 'వార్ హార్స్' నవలకు అదొక ప్రేరణ. వాడిని మాట్లాడించడానికి అక్కడ ఎవరూ ఏ కార్యక్రమమూ పెట్టలేదు. పగలు పని ఉంది, రాత్రి గుర్రం ఉంది, అడ్డుపడకుండా దూరంగా నిలబడిన పెద్దవాళ్లు ఉన్నారు. గంటకో ఆట చొప్పున రోజంతా నింపేసే మన శిబిరాల్లో అలాంటి పిల్లవాడికి ఒక్క క్షణం ఏకాంతం దొరుకుతుందా?

రెండోది టోమోయె. తెత్సుకో కురొయనాగి రాసిన 'రైలుబడి' చదివిన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. కొబయాషి సొసాకు 1937లో టోక్యోలో పెట్టిన ఈ బడిలో పాత రైలు పెట్టెలే తరగతి గదులు. 1945 బాంబు దాడుల్లో అది కాలిపోయింది. ఆ పుస్తకంలో హెడ్మాస్టరు ఒక రైతును పిలిచి, ఈయనే మీ వ్యవసాయం మాస్టారు అని పిల్లలకు పరిచయం చేస్తాడు. నేను మాస్టారిని కానని రైతు మొహమాటపడితే, ఇప్పుడు మీరే మాస్టారు అంటాడు. పిల్లలు కలుపు తీస్తారు, బోదెలు చేస్తారు, విత్తనం వేస్తారు. తర్వాత మొలకలు చూడటానికి వంతులేసుకుని వెళతారు.

పనిలో నిజాయతీ నెదర్‌కాట్‌దే ఎక్కువ. కాలం విషయంలో మాత్రం నేను టోమోయె వైపే. నెదర్‌కాట్ పిల్లవాడు వారానికే వెళ్లిపోతాడు, వాడు కలుపు తీసిన మడిలో కోత మరొకరు కోస్తారు. టోమోయె పిల్లలు విత్తిన మడి దగ్గరికే మళ్లీ మళ్లీ వెళతారు. ఎదురుచూడటం నేర్పకుండా సేద్యం నేర్పడం కుదరదు. మరో తేడా కూడా నన్ను కదిలిస్తుంది. టోమోయెలో రైతు గురుస్థానంలో నిలబడ్డాడు. మన తోట శిబిరాల్లో పాలేరు బండి తోలుతూ కనిపిస్తాడు గాని, ఆయన్ని మాస్టారూ అని పిలవమని పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఈ రెంటినీ కృష్ణా డెల్టాకు తెచ్చుకుంటే మొదట అడ్డుపడేది మన వేసవే. మాగాణిలో వరి కోసి మినుము, పెసర తీశాక ఏప్రిల్, మే నెలల్లో పొలం బీటలు వారి పడుకుంటుంది. కాలువలు కట్టేస్తారు. నీళ్లు వదిలి, నారుమళ్లు పోసి, నాట్లు వేసే వేళకు పిల్లలు తరగతి గదుల్లో ఉంటారు. బడులు తెరిచేది జూన్ 12న, ఏరువాక వచ్చేదీ ఆ రోజుల్లోనే. అంటే మన సెలవుల్లో పిల్లలకు నిద్రపోతున్న పొలమే కనిపిస్తుంది. ఆ లోటు కప్పడానికే కుండీల్లో టమాటా నాటించడం, కుండలకు రంగులు వేయించడం.

మేలో కూడా నిజమైన పని లేకపోలేదు. గేదెలకు కుడితి పెట్టాలి, నీళ్లు పట్టాలి. మామిడి తోట ఉంటే రసాలు, బంగినపల్లి దించి గడ్డిలో మాగవెయ్యాలి. ఉదయం తొమ్మిదిలోపు అయిపోయే పనులివి. ఆ తర్వాత వడగాడ్పులో పిల్లల్ని బయట తిప్పకూడదు. శిబిరం నడిపే కుటుంబం ఈ నాలుగు పనులనే నమ్ముకుంటే చాలు. ఆ పిల్లల్నే దసరాకు, వరి ఈనే వేళ, ఒకసారి, సంక్రాంతికి నూర్పిళ్లప్పుడు ఇంకోసారి అదే పొలానికి పిలిస్తే టోమోయె మడి ఇక్కడా దొరుకుతుంది. బెజవాడ మధ్య నుంచి పారే బందరు కాలువ నీళ్లు ఉయ్యూరు వైపు వెళ్లి ఏం చేస్తాయో గవర్నర్‌పేట పిల్లలు కళ్లారా చూస్తారు.

అయిదారేళ్ల పిల్లలైతే రాత్రి అమ్మ కావాలంటారు. వాళ్లతో తల్లినో తండ్రినో ఉండనివ్వాలి. ఇక డబ్బు సంగతి. నెదర్‌కాట్‌ను ధర్మసంస్థగా నడుపుతున్నారు, అక్కడికి బడి మొత్తం వెళుతుంది కాబట్టి లేనివాడి బిడ్డా వెళతాడు. మన దగ్గర రుసుము కట్టగలిగిన ఇంటి పిల్లలే వెళతారు. తోట ఉన్న కుటుంబాలు ఏడాదికి ఒక్క వారమైనా గవర్నర్‌పేట మునిసిపల్ బడి పిల్లలకు, వాళ్ల టీచర్లతో సహా, ఉచితంగా గేటు తియ్యాలి.