జీవావరణ శాస్త్రంలో పరిభాషా వివాదం: టాన్స్లీ వ్యాసం నుంచి భారతీయ సవానా చర్చ దాకా – ఒక పరిశీలన

బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్లీ 1935లో ‘ఎకాలజీ’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ‘ఎకోసిస్టమ్’ అనే పదం తొలిసారి అచ్చయిన చోటుగా ప్రసిద్ధం. తెలుగు పాఠ్యపుస్తకాలలో ఆ పదం ‘ఆవరణ వ్యవస్థ’గా స్థిరపడింది. అయితే ఆ వ్యాసం కొత్త పదాన్ని పరిచయం చేయడానికి రాసినది కాదు. వృక్షసంపదను వర్ణించే భావనల, పదాల వినియోగ దుర్వినియోగాలే తన విషయమని దాని శీర్షిక చెబుతుంది. స్వభావరీత్యా అది ఖండన వ్యాసం.

ఖండనకు గురైనది అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ క్లెమెంట్స్ సిద్ధాంతం. 1916 నాటి గ్రంథంలో ఆయన వృక్ష సముదాయాన్ని ఒక జీవిగా భావించాడు. అది పుట్టి, పెరిగి, ఆ ప్రాంతపు శీతోష్ణస్థితి నిర్ణయించిన ఒకే ఒక పరిణత దశకు, అంటే ‘క్లైమాక్స్’కు చేరుతుందన్నాడు. హెన్రీ గ్లీసన్ 1926లో దీనితో విభేదించాడు. ఏ జాతికి ఆ జాతి తన దారిన వచ్చి చేరగా ఏర్పడిన కలయికే సముదాయమని ఆయన వాదం. జాన్ ఫిలిప్స్ 1934–35లో క్లెమెంట్స్‌ను సమర్థిస్తూ వరుస వ్యాసాలు రాయడంతో టాన్స్లీ జవాబుకు పూనుకున్నాడు.

ఆ జవాబులో రెండు పాయలున్నాయి. జీవి అనే పోలికను పరిమితం చేసి ‘ఎకోసిస్టమ్’ను నిలబెట్టడం ఒకటి. ‘క్లైమాక్స్’ను వదలకుండానే దాని ఏకత్వాన్ని నిరాకరించడం రెండవది. నేల, పశువుల మేత, మంట వంటి కారణాల వల్ల ఒకే ప్రాంతంలో వేర్వేరు క్లైమాక్స్‌లు ఉండవచ్చునని టాన్స్లీ భావించాడు. ఈ దృష్టితో చూస్తే, మేత వల్ల నిలకడ పొందిన గడ్డినేల అడవి కాలేక ఆగిపోయిన దశ కాదు. మొదటి పాయ ప్రపంచమంతటా పారింది. రెండవదానికి ఆ భాగ్యం దక్కలేదు.

భారతదేశంలో అటవీ వర్గీకరణ దీనికి నిదర్శనం. హెచ్.జి. ఛాంపియన్ 1936లో రూపొందించిన వర్గీకరణను ఎస్.కె. సేఠ్‌తో కలిసి 1968లో సవరించాడు. అందులో శుష్క సవానాకు ఇచ్చిన సంకేతం ‘డి.ఎస్.’, అనగా క్షీణదశ. వర్ణన అనుకున్నది నిజానికి తీర్పు. ‘క్షీణించినది’ అనాలంటే పూర్వం అక్కడ నిండైన అడవి ఉండి తీరాలి. అందుకు రుజువేమిటన్న ప్రశ్నను ఆ సంకేతం పుట్టనివ్వదు.

జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితరులు 2011లో వెలువరించిన వ్యాసం ఆ ప్రశ్ననే అడిగింది. వారి ప్రమాణం చెట్ల సంఖ్య కాదు. చెట్ల కింద సి-4 రకం గడ్డి పరచుకొని ఉండడం, చెట్లకు మంటను తట్టుకొనే లక్షణాలుండడం వారికి ముఖ్యం. ఇక్కడ పద వివాదం పద్ధతి వివాదమైంది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ కనీసం ఒక హెక్టారులో 10 శాతానికి మించి చెట్ల పందిరి ఉంటే దాన్ని అటవీ విస్తీర్ణంగా లెక్కిస్తుంది. ఉపగ్రహ చిత్రంలో పందిరి కనిపిస్తుంది, దాని కింది గడ్డి కనిపించదు.

కొత్త ప్రమాణానికీ చిక్కు లేకపోలేదు. అడవి నరికిన చోట కూడా గడ్డి చేరుతుంది. కనుక ప్రాచీన సవానాను నరికివేత మిగిల్చిన గడ్డినేల నుంచి వేరు చేయడానికి గడ్డి ఉనికి ఒక్కటే చాలదు. స్థానిక జాతుల కూర్పు, మట్టిలో నిలిచిన పుప్పొడి వంటి ఆధారాలు కావాలి. రత్నం, శంకరన్ తదితరులు ఆసియా సవానాల ప్రాచీనతపై 2016లో రాసిన వ్యాసం ఈ లోటును కొంత పూరించింది.

తెలుగులో ఈ చర్చకు మాటలే ముందు అడ్డు తగులుతాయి. ‘పచ్చిక బయలు’ అంటే చెట్లు తప్పిపోతాయి, ‘అడవి’ అంటే గడ్డి తప్పిపోతుంది. ‘బంజరు’ రెవెన్యూ దృష్టి నుంచి వచ్చిన మాట. పశువుల కాపరికి అదే నేల ‘బీడు’, అంటే మేపుకొనే చోటు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం రక్షించిన గడ్డి మైదానాన్ని సైతం అధికార భాష ‘అభయారణ్యం’ అనే పిలుస్తుంది. ఆ పిట్ట బయలు నేల మీదే గుడ్డు పెడుతుంది. అటువంటి చోట చెట్లు నాటి దానిని ‘అటవీ పునరుద్ధరణ’గా లెక్క రాస్తే, పిట్టకు గూడు పెట్టే చోటు మిగలదు.