ఎఱ్ఱరాతి ముడి, వెండి రేకు: యెషయా 3:20పై ఒక పరిశీలన

యెషయా 3:20లోని రక్షరేకులను గూర్చి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాలలో మేము విన్న ప్రసంగాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి: అవి ఐగుప్తు విగ్రహారాధన వస్తువులు, మన తాయెత్తు కూడా అదే, కాబట్టి తెంచివేయాలి. ఈ వ్యాఖ్యానము మాకు తొందరపాటుగా కనబడుతోంది.

ముందు ఆ ఐగుప్తు వస్తువునే చూద్దాము. "త్యెత్" అనబడే ఐసిస్ ముడి వ్రేలెడు రాయి. మృతుల గ్రంథము 156వ అధ్యాయము దానిని ఎఱ్ఱని జాస్పర్‌తో చెక్కి, మంత్రము పలికి, మృతుని కంఠమున ఉంచమంటుంది. ఎరుపు ఐసిస్ రక్తమునకు గుర్తు. జాస్పర్ దొరకనివారు కార్నీలియన్, చివరకు ఎఱ్ఱగాజు కూడా వాడారు. రాయితోపాటు కొన్నిసార్లు రంగు కూడా మారింది.

యెషయా వాడిన హెబ్రీ పదము "లెహాషీమ్". గుసగుసలాడుట అనే ధాతువునకు చెందినది. ప్రసంగి 10:11లో పాముకు వేసే మంత్రపుకట్టు కూడా ఆ ధాతువునుండియే. ఆ పదము వస్తువు ఆకారమును చెప్పదు, దానిమీద పలికిన మాటను చెబుతుంది. అది ఐగుప్తు రాయియే అనుటకు వచనములో ఆధారము లేదు.

తెలుగు అనువాదకులు "రేకు" అన్నారు. అక్షరాలు గీసి చుట్టిన రాగిరేకు వారి మనసులో ఉండియుండవచ్చు. మత్తయి 23:5లోను అదే పదము వేశారు. అక్కడివి ద్వితీయోపదేశకాండము 6:8ని అనుసరించి లేఖనములుంచిన తోలు పెట్టెలు. యేసు తప్పుపట్టినది వాటి వెడల్పును. తెలుగు మాట ఒకటే గనుక రెంటిని ఒకే గాట కట్టడము సరికాదు.

1979లో యెరూషలేము చెంత కెతెఫ్ హిన్నోములో గబ్రియేల్ బర్కాయ్ బృందము రెండు చిన్న వెండిరేకు చుట్టలను వెలికితీసింది. క్రీ.పూ. 7-6 శతాబ్దాలవని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. వాటిపై సంఖ్యాకాండము 6లోని యాజక ఆశీర్వాదపు మాటలున్నాయి. యెహోవా నామమే రక్షరేకైనది! దీనిని ఏ ఐగుప్తు లెక్కలో వ్రాయగలము?

మగ్గము నేసే ఇంట బిడ్డకు జ్వరము వస్తే తల్లి రహస్యముగా తాయెత్తు కట్టిస్తుంది. కూటములో అందరియెదుట దానిని కత్తిరించిన సేవకుడే, ఆ సాయంకాలము ప్రార్థించిన నూనెసీసా ఆమె చేతికిస్తాడు. రేకుమీది మాటకు, సీసామీది మాటకు భేదమేమని ఆమె అడిగితే యాకోబు 5:14 చదివి ఊరుకుంటే చాలదు. అక్కడ పెద్దలు రోగియొద్దకు వస్తారు గాని సీసాను ఇంటికి పంపరు.