బొటనవేలంత సైనికుడికి బెల్టు

సూక్ష్మ సైనిక బొమ్మల్లో ముఖం తర్వాత పనివాడి చెయ్యి పట్టుబడేది పట్టీల దగ్గరే. నెపోలియన్ యుద్ధాల నాటి బ్రిటిష్ సైనికుడి రొమ్ము మీద ఒకదాన్నొకటి దాటిపోయే తెల్లతోలు పట్టీలు, వీపుసంచి వారులు, గుర్రం ఉంటే కళ్ళెం, జీను కట్లు - ఇవన్నీ నిజంగా బరువు మోస్తున్నట్టు ఒంటిమీద కూర్చోవాలి. రంగులు ఎంత బాగా వేసినా పట్టీ తేలిపోతే బొమ్మ బొమ్మగానే మిగిలిపోతుంది.

54 మిల్లీమీటర్ల బొమ్మ మనిషిలో సుమారు 32వ వంతు. రెండంగుళాల పైచిలుకు వెడల్పున్న పట్టీ అందులో 1.7 మిల్లీమీటర్లు అవుతుంది. 3 మిల్లీమీటర్ల మందం తోలు 0.1 మిల్లీమీటరుకు లోపే, అంటే మామూలు రాతకాగితమంత. అచ్చులో పోసిన పట్టీ ఈ లెక్కకు అందడం కష్టం. అచ్చు నుంచి ఊడిరావాలి కాబట్టి అంచు ఏటవాలుగా ఉంటుంది, పట్టీకీ కోటుకీ మధ్య సందు ఉండదు.

చరిత్ర పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. 1893లో లండన్‌లోని బ్రిటెన్స్ కంపెనీ లోపల గుల్లగా ఉండే సీసపు సైనికులను పోత పోసింది. వాటిలో బెల్టంటే చాలావరకు రంగుగీతే. 1960లలో ఫ్రాన్స్ నుంచి హిస్టోరెక్స్ ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాక పట్టీలు కత్తిరించడం, బకిల్ తగిలించడం బొమ్మ కట్టేవాడి పని అయింది. ఈ విద్య అక్కడే ఊపందుకుంది.

పట్టీలకు పనికొచ్చే సరుకుల్లో రారాజు సీసపు రేకు. వంచితే వంగిన చోటే ఉంటుంది, వెనక్కి లేవదు. గోటితో నొక్కితే కోటు ముడత మీదుగా దిగి, ముడత ఆకారాన్నే తెచ్చుకుంటుంది. అంచు వెంట సూదిమొనతో చుక్కలు పెడితే కుట్టు సిద్ధం. ఒకప్పుడు వైన్ సీసాల మెడకు చుట్టిన రేకే దీనికి గని. సీసం విషమని 1990లలో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆ తొడుగులను నిషేధించారు. నిషేధం న్యాయమే. ఈ రేకుతో పని చేసినవారు చేతులు కడుక్కోవాలి, పిల్లల దరికి రానివ్వకూడదు. అయితే దాని బదులు వాడే అల్యూమినియం రేకు మాత్రం మాట వినదు, మూలల్లో చిరుగుతుంది.

సీసానికి దీటుగా నిలిచేది రెండు భాగాలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చగా మారే రకం గట్టిపడ్డాక కూడా కాస్త సాగుతుంది కనుక పట్టీలకు అదే శ్రేష్ఠం. నున్నని పలక మీద టాల్కం పౌడర్ చల్లి, అప్పడం కన్నా పలచగా ఒత్తి, సగం ఆరేదాకా వదిలేయాలి. తొందరపడితే బ్లేడుకు అంటుకుంటుంది, ఆలస్యం చేస్తే వంగదు. ఆ నడిమి ఘడియలో కొత్త బ్లేడుతో ఒక్క నొక్కుడులో కోసి, భుజం మీద ఒక కొస అంటించి, రెండో కొసను కిందికి లాగి వదిలితే తూటాల పెట్టె బరువుకు పట్టీ బిగిసినట్టే కనిపిస్తుంది. కాలిఫోర్నియా శిల్పి బిల్ హోరన్ ఈ 54 మిల్లీమీటర్ల కొలతలోనే పుట్టీతో మలిచిన విక్టోరియా కాలపు సైనికులను చూస్తే, ఆ పట్టీలు తోలు కావంటే కళ్ళు ఒప్పుకోవు. షికాగోకు చెందిన షెప్ పెయిన్ (1946-2015) మరో మహానుభావుడు. బొమ్మ పక్కన బొమ్మను పెట్టి కథ చెప్పిన ఆయన, తన పనితనపు గుట్టు దాచుకోకుండా పుస్తకాల్లో విప్పి చెప్పాడు. ఆ ఉదారతకు ఈ కళ ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

కాగితం పక్షం వహించేవారూ ఉన్నారు. సన్నని కాగితానికి సూపర్ గ్లూ పట్టించి కోస్తే అంచు పదునుగా వస్తుంది. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు కూడా పనికొస్తుంది. తిన్నని పట్టీకి రెండూ మంచివే, మెలి తిరిగే చోట మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి. బకిల్‌కు సన్నని రాగితీగను చదరపు కడ్డీకి చుట్టి కోస్తే ఒకే కొలత చట్రాలు వరసగా వస్తాయి. ఇత్తడి రేకును యాసిడ్‌తో తొలిచిన బకిల్స్ బజారులో దొరుకుతాయి. వాటిలో కచ్చితత్వం ఉంది, మందమే చాలదు.

నిజం తోలే వాడవచ్చు కదా అంటే, చిన్న కొలతలో తోలు గరుకు బండరాయిలా కనిపిస్తుంది. అడుగు ఎత్తు బొమ్మలకైతే బాగా గీకి పలచబరిచిన మేకతోలు సరిపోతుంది. అసలు అన్యాయం జరుగుతున్నది ఆ పెద్ద బొమ్మల బజారులోనే. వేలకు వేలు పోసి కొన్న బొమ్మకు నకిలీ తోలు తొడుగుతున్నారు. పాలీయురిథేన్ పూత కొన్నేళ్ళకే గాలిలోని తేమకు పెళుసెక్కి, పొట్టులా రాలిపోతుంది. తోలు ధర తీసుకుని ప్లాస్టిక్ పూత ఇవ్వడాన్ని వ్యాపారం అనలేం, మోసం అనాలి. ఇక త్రీడీ ప్రింటర్లో ఒళ్ళూ పట్టీ ఒకే ముద్దగా దిగే చవకబారు బొమ్మలు వచ్చి పడ్డాయి. పట్టీ కింద నీడ పడదు, అంచు లేవదు, అయినా అదే గొప్పపని అని చెలామణి అవుతోంది. యంత్రం మీద ఎవరికీ కోపం లేదు. కోపమంతా చెయ్యి పెట్టే ఓపిక పోవడం మీదే.

ఈ విద్యలో అడుగుపెట్టేవారు పెట్టెలో వచ్చిన అచ్చు పట్టీని మొదట బ్లేడుతో గీకేయాలి. ఒక్క నడుము బెల్టయినా పుట్టీతో స్వయంగా కోసి తొడిగి చూడాలి.