ధ్వనిచికిత్స: శాస్త్రమెంత? ప్రచారమెంత?

జగిత్యాలలో ఒక విద్యార్థి తన సెల్‌ఫోను తెచ్చి నాకు చూపెను. అతని తాతగారికి మెదడులో రక్తనాళము చిట్లి నెలన్నర అయినది. ప్రాణము దక్కినది గాని మాట తడబడుచున్నది. ఉదయము తిన్నది మధ్యాహ్నమునకు జ్ఞాపకముండుట లేదు. ఫోనులో ఒక ధ్వనిముద్రణ ఉన్నది. దానిని రోజునకు ఆరు గంటలు చెవులలో వినిపించినచో చచ్చిన మెదడు కణములు మరల పుట్టునని దాని క్రింద వ్రాసియున్నది. ఇంతకంటె బలమైన యంత్రమొకటి కలదని ఎవరో చెప్పగా, దానిని కొనుటకు డబ్బు పంపుమని ఇంటివారు గల్ఫులో నున్న కొడుకునకు కబురు చేసిరి. “ఇది నిజమేనా సార్?” అని ఆ బాలుడు అడిగెను.

కోరుట్లలోను, సిరిసిల్లలోను ఇట్టి ప్రశ్న ఇంకెందరి ఇండ్లలోనో పుట్టుచుండును. దీనికి అవునని గాని, కాదని గాని ఒక్కమాటలో బదులు చెప్పుట న్యాయము కాదు. ధ్వనిచికిత్స అను పేరు క్రింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి యున్నవి. వానిని విడదీసి చూచినగాని నిజము తేలదు.

ముందుగా జబ్బు సంగతి. పక్షవాతములలో అధికభాగము మెదడునకు పోవు రక్తనాళము మూసుకొనిపోవుట వలన వచ్చును. కొన్నిటిలో నాళము చిట్లి రక్తము మెదడులోనికి చిమ్మును. దీనికి ముఖ్యకారణము చాలకాలము అదుపులో లేని రక్తపోటు. కారిన రక్తము గడ్డకట్టి చుట్టునున్న కణజాలమును నొక్కును, వాపు కలుగును. కొన్ని కణములు చచ్చును, కొన్ని తాత్కాలికముగా పని మానును. వారములు గడచిన కొలది రక్తపుగడ్డ కరగును, వాపు తీయును, పని మానిన భాగములు కొంతవరకు మేలుకొనును. కావున మొదటి కొన్ని నెలలలో ఏ యంత్రము లేకున్నను చాలమంది కొంత కోలుకొందురు.

ప్రచారము చేయువారికి ఆసరా ఇచ్చట దొరకుచున్నది. తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనుకొన్న ముసలమ్మ కథ మన మందరము ఎరిగినదే. ధ్వని వినిన తరువాత రోగి కోలుకొనెను గనుక ధ్వని వలననే కోలుకొనెననుట ఆ ముసలమ్మ తర్కమే. కోడి లేని ఊరిలో తెల్లవారినదా లేదా అని చూడవలెను. అనగా ధ్వని వినని రోగులను కూడ ప్రక్కన నుంచి పోల్చవలెను.

అట్లు పోల్చిన పరిశోధనలు లేకపోలేదు. 2008లో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో సార్కామో అను శాస్త్రజ్ఞుడును, సహచరులును ప్రకటించిన పరిశోధన వానిలో ముఖ్యమైనది. 60 మంది రోగులను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టు రెండు నెలలపాటు ప్రతిదినము తమకిష్టమైన సంగీతము వినెను. రెండవ జట్టు చదివి వినిపించిన పుస్తకములు వినెను. మూడవ జట్టునకు ఈ రెండును లేవు. మామూలు వైద్యము అందరికిని జరిగెను. చివరివరకు నిలిచిన 54 మందిని పరీక్షింపగా, సంగీతము వినినవారిలో మాటలను జ్ఞాపకముంచుకొను శక్తియు, ఒకదానిపై మనస్సు నిలుపు శక్తియు తక్కిన రెండు జట్లకంటె మెరుగుగా కనబడెను. మనోవ్యాకులత కూడ తక్కువగా నుండెను.

ఇది మెచ్చదగిన పని. కాని దీనిని చదువునపుడు నాలుగు విషయములు మరువరాదు. మొదటిది, జట్టునకు ఇరువదిమందికి లోపే ఉండిరి. రెండవది, వారందరును రక్తనాళము మూసుకొనిపోయినవారు; నాళము చిట్లినవారు కారు. మూడవది, వారు వినినది తమకు నచ్చిన సంగీతమే గాని యంత్రము పుట్టించిన గుంయిమను ధ్వని కాదు. నాలుగవది, సంగీతము మందులకును, వ్యాయామమునకును తోడుగా నుండెనే గాని వాని స్థానము నాక్రమింపలేదు. ఆ ఫోనులోని ప్రకటన ఈ పరిశోధనను పేర్కొనినది గాని, ఈ నాలుగింటిలో ఒక్కటియు చెప్పలేదు.

రెండవ సంగతి, పాడుట. మెదడు ఎడమభాగము దెబ్బతిని మాట పోయిన వారిలో కొందరు మాటాడలేకున్నను పాట పాడగలరు. దీనిని ఆధారము చేసికొని 1973లో అమెరికాలోని బోస్టనులో ఆల్బర్టు, స్పార్క్స్, హెల్మ్ అను ముగ్గురు ఒక పద్ధతిని ప్రకటించిరి. “నీళ్లు కావలెను” వంటి చిన్నమాటను రాగముతో పలికించుచు, ఎడమచేతితో తాళము వేయించుచు, మెల్లగా రాగమును తగ్గించి మామూలు మాటలోనికి తెత్తురు. ఇందులో రోగి ఊరక వినువాడు కాడు, శ్రమించువాడు. ప్రక్కన శిక్షణ పొందిన మనిషి యుండవలెను. బతుకమ్మ చుట్టు చప్పట్లు కొట్టుచు పాడిన అవ్వకు ఆ పాట వరుస మాటకంటె ముందు నోటికి వచ్చినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. అట్టి పాటను ఇంటివారు ఆమెతో కలిసి పాడుటకు ఖర్చు లేదు. ఐనను అది శిక్షణకు తోడు మాత్రమే.

2017లో కాక్రేన్ సంస్థవారు మెదడు దెబ్బతినినవారికి చేసిన సంగీత చికిత్సలపై 29 పరిశోధనలను, 775 మంది ఫలితములను కలిపి పరిశీలించిరి. లయ సహాయముతో నడక బాగుపడవచ్చునని, మాటకు కూడ కొంత మేలు కలుగవచ్చునని వారు చెప్పిరి. జ్ఞాపకశక్తి, అవధానముల విషయమున గట్టి ఆధారము లేదనిరి. కావున హెల్సింకి ఫలితము ఆశ కలిగించునదే గాని తీర్పు కాదు.

మూడవ సంగతి, ఆ ఫోనులోని ధ్వని. ఒక చెవిలో సెకనుకు 400 కంపనముల ధ్వనిని, రెండవ చెవిలో 410 కంపనముల ధ్వనిని వినిపించినచో సెకనుకు 10 మారులు హెచ్చుతగ్గులగు ధ్వని వినబడినట్లు తోచును. దీనిని 19వ శతాబ్దిలోనే ప్రష్యా భౌతికశాస్త్రజ్ఞుడు డోవ్ గుర్తించెను. ఈ విస్పందనము గాలిలో లేదు. రెండు చెవుల నుండి వచ్చిన సంకేతములు మెదడు కాండములో కలియుటవలన పుట్టును. ఇంతవరకు శాస్త్రమే. దీనివలన చచ్చిన కణములు మొలచుననుట శాస్త్రము కాదు. ధ్వని చెవి లోపలి కర్ణావర్తమును చేరగానే విద్యుత్సంకేతముగా మారి శ్రవణనాడి ద్వారా పోవును. ధ్వనితరంగము స్వయముగా పోయి రక్తపుగడ్డను తాకుట గాని, కరగించుట గాని జరుగదు.

మన రాజధానిలో జరిగిన పరిశోధన ఒకటి ఇచ్చట తలపదగినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 2006 నుండి 2013 వరకు నమోదైన 608 మంది పక్షవాత రోగులను సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ మున్నగువారు పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఒకటికంటె ఎక్కువ భాషలు మాటాడువారిలో నూటికి 40.5 మందికి పక్షవాతము తరువాత కూడ బుద్ధిశక్తులు మామూలుగా నుండెను; ఒకే భాషవారిలో 19.6 మందికి మాత్రమే. తెలుగు, ఉర్దూ కలిసి వినబడు కోరుట్ల బజారును, భివండికి పోయి హిందీ, మరాఠీ నేర్చివచ్చిన సిరిసిల్ల నేతపనివారిని ఎరిగిన మనకు ఈ ఫలితము ప్రీతికరమే. కాని ఇదియు నాళము మూసుకొన్నవారి సంగతే. పైగా భాషలను చీట్లు వేసి పంచలేము గనుక, భాషలు నేర్చిన జీవితములోని ఇతర విశేషముల పాత్ర ఎంతయో పూర్తిగా విడదీయుట కష్టము. మనకు నచ్చిన ఫలితమును కూడ అదే కొలతతో కొలువవలెను.

సిరిసిల్లవారు మరియొకటి గమనింపవలెను. మరమగ్గముల మ్రోతలో ఏండ్ల తరబడి పనిచేసినవారికి చెవుడు రావచ్చును. అట్టివాడు పక్షవాతము తరువాత బదులు చెప్పకున్నచో బుద్ధి మందగించెననుకొందురు. వినికిడి పరీక్ష చేయింపక ధ్వనిచికిత్స మొదలిడుట, కండ్లు పరీక్షింపక పుస్తకము చేతికిచ్చుట వంటిది. వినబడుట లేదని ధ్వనిని హెచ్చించినచో ఉన్న వినికిడికి కూడ హాని కలుగును.

మరి రక్తస్రావమునకు నిజముగా మేలు చేయునదేది? 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన మనదేశముతో సహా పది దేశములలో ఏడువేల మందికి పైగా రోగులపై జరిగినది. హెచ్చిన రక్తపోటును ఆస్పత్రి చేరిన తొలి గంటలలోనే తగ్గించుట, రక్తములోని చక్కెరను, జ్వరమును అదుపు చేయుట, రక్తము గడ్డకట్టకుండ చేయు మందుల ప్రభావమును తొలగించుట, ఇవన్నియు ఒక్కటిగా చేసినచో రోగుల స్థితి మెరుగైనదని తేలెను. ఇందులో వింత ఏమియు లేదు. ప్రకటనకు పనికివచ్చు మాటయు లేదు. మూతి వంకరపోయినను, చేయి వాలిపోయినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయుట, ఏ జాతి పక్షవాతమో తేల్చు సి.టి. స్కాను చేయించుట, తరువాత వైద్యుడు చెప్పిన మాత్రలు మానకుండుట, ఇవియే మొదటి చికిత్స. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. సలహాకు ఫోనులోని ప్రకటనను ఆశ్రయింప నక్కరలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చక్కగా ఉపయోగింపవచ్చును. రెండు శ్రుతిదండములతో విస్పందనములు వినిపించి, ఆపైన ఒక ప్రకటనను నల్లబల్లపై వ్రాసి విద్యార్థులచే ఈ ప్రశ్నలు వేయింపవలెను: ఎంతమందిపై చూచిరి? ఎవరితో పోల్చిరి? ఆ రోగమును, ఈ రోగమును ఒకటేనా? చెప్పువాడే అమ్మువాడా?

ఆ విద్యార్థి ఈ ప్రశ్నలను ఇంటికి తీసికొనిపోయెను. యంత్రము కొనుట ఆగినది. ఆ సొమ్ములో కొంత వెచ్చించి తాతగారిని మాట నేర్పు శిక్షకుని యొద్దకు వారమునకు రెండుమారులు తీసికొనిపోవుచున్నారు. సాయంకాలము ఆయనకిష్టమైన పాత పాటలు పెట్టి, మనుమడు ప్రక్కన కూర్చుండి కలిసి పాడుచున్నాడు. ఆయన ఎంత కోలుకొనునో ఇప్పుడే చెప్పలేము. కోలుకొన్నచో ఆ కీర్తి పాటలదే యని మాత్రము ఆ బాలుడు చెప్పడు.