రేషన్ పట్టికలో లేని వరుస

కంప్యూటర్ పెట్టగానే లెక్కలు చక్కబడతాయన్న నమ్మకం మన కార్యాలయాల్లో బలంగా ఉంది. లెక్క సరిపోవడం వేరు, లెక్క నిజం కావడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి రాయపూర్ రేషన్ దుకాణాలు మంచి ఉదాహరణ.

పాత పద్ధతిలో అక్కడ కూడా ఒక కార్డుకు ఒకే చౌకధరల దుకాణం. కొట్టు తెరవకపోయినా, తూకం తగ్గినా కార్డుదారుకు మరో దారి ఉండేది కాదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన 'కోర్ పీడీఎస్' పద్ధతిని 2012లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాయపూర్‌లో ప్రవేశపెట్టింది. అందులో చేరిన ఏ దుకాణంలోనైనా కార్డుదారు తన సరుకు తీసుకోవచ్చు. నచ్చని దుకాణాన్ని వదిలిపెట్టే హక్కు పేదవాడి చేతికి వచ్చింది. ఇది నిస్సందేహంగా మెచ్చుకోదగిన ఆలోచన.

ఈ మార్పును డేటాబేస్ దృష్టితో చూద్దాం. పాత పద్ధతిలో ఒక దుకాణానికి అనేక కార్డులు, ఒక్కో కార్డుకు ఒకే దుకాణం. కనుక కార్డుల పట్టికలోనే దుకాణం నంబరుకు ఒక గడి ఉంటే చాలు. కొత్త పద్ధతిలో ఒక కార్డు అనేక దుకాణాలకు వెళ్లవచ్చు, ఒక దుకాణానికి అనేక కార్డులు రావచ్చు. దీన్నే 'అనేక-అనేక సంబంధం' అంటారు. ఐబీఎం శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా ప్రకారం ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. నాలుగు దుకాణాల నంబర్లను కామాలు పెట్టి ఒకే గడిలో ఇరికించరాదు. అందుకే మధ్యలో మూడో పట్టిక కావాలి: కార్డు నంబరు, దుకాణం నంబరు, తేదీ, సరుకు, పరిమాణం. ప్రతి కొనుగోలుకూ అందులో ఒక వరుస. దీన్ని అనుసంధాన పట్టిక అందాం.

ఇంతవరకు పాఠ్యపుస్తకాలు బాగానే చెబుతాయి. చాలా పుస్తకాలు విద్యార్థులు, సబ్జెక్టుల ఉదాహరణ ఇచ్చి, మూడు పట్టికలను 'జాయిన్' చేసే విధానం చూపి అక్కడితో ముగిస్తాయి. నా అభ్యంతరం అక్కడే. ప్రశ్న అడగడం నేర్పారు గాని, వచ్చిన జవాబును అనుమానించడం నేర్పలేదు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. నాలుగు కార్డులు, రెండు దుకాణాలు ఉన్నాయనుకోండి. ఈ నెల ఒకటో కార్డువారు కొంత బియ్యం మొదటి దుకాణంలో, మిగిలింది రెండో దుకాణంలో తీసుకున్నారు. రెండో కార్డువారు మొదటి దుకాణంలో, మూడో కార్డువారు రెండో దుకాణంలో తీసుకున్నారు. నాలుగో కార్డువారికి ఏమీ అందలేదు. ఇప్పుడు పట్టికలను జాయిన్ చేసి వరుసలు లెక్కపెట్టండి. నాలుగు వస్తాయి. ఉన్న కార్డులూ నాలుగే! నివేదికలో పంపిణీ నూటికి నూరు పాళ్లూ జరిగినట్టు కనబడుతుంది. రెండుసార్లు లెక్కకు వచ్చిన ఒకటో కార్డు, అసలు లెక్కకే రాని నాలుగో కార్డును కప్పిపుచ్చింది.

మొదటి తప్పును దిద్దడం సులువు. వరుసలను కాకుండా, 'డిస్టింక్ట్' అన్న మాట వాడి వేర్వేరు కార్డు నంబర్లను లెక్కపెడితే జవాబు మూడు వస్తుంది. పరిమాణాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అదే ప్రశ్నలో కుటుంబ సభ్యుల పట్టికను కూడా జాయిన్ చేస్తే, నలుగురున్న ఇంటికి ఇచ్చిన 20 కిలోలు మొత్తంలో 80 కిలోలవుతాయి.

రెండో తప్పు ఇంకా లోతైనది. మామూలు జాయిన్ జత దొరికిన వరుసలనే చూపుతుంది. జత లేని కార్డు చప్పుడు లేకుండా రాలిపోతుంది. దాన్ని నిలబెట్టాలంటే కార్డుల పట్టికను ఎడమవైపు ఉంచి 'లెఫ్ట్ జాయిన్' చేసి, కొనుగోలు గడి ఖాళీగా ఉన్నవాటిని ఏరాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. 'ఈ నెల' అన్న షరతును జాయిన్ షరతులోనే చేర్చాలి. చివర 'వేర్' వడపోతలో పెడితే, ఖాళీ గడికి తేదీ ఉండదు కనుక నాలుగో కార్డు మళ్లీ రాలిపోతుంది. కంప్యూటర్ మాత్రం ఏ తప్పూ ఎత్తిచూపదు.

ఇది ప్రోగ్రామర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. రాలిపోయిన వరుస అంటే ఒక ఇంటి నెల తిండి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, అలాగే గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఏ రాష్ట్రం కార్డుతోనైనా సరుకు తీసుకునే వీలు కలిగింది. ఇదే 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' పథకంగా దేశమంతటా విస్తరించింది. నగరం స్థాయిలో దారి చూపిన ఛత్తీస్‌గఢ్ ఈ పథకంలో 2022లో చేరింది. పథకం ప్రగతిని ప్రభుత్వ ప్రకటనలు ప్రధానంగా లావాదేవీల సంఖ్యతో చెబుతూ వచ్చాయి. అది వరుసల లెక్క. ఎన్ని కుటుంబాలు తీసుకున్నాయో అది చెప్పదు. ఎన్ని తీసుకోలేకపోయాయో అసలే చెప్పదు.

లెఫ్ట్ జాయిన్‌కూ పరిమితి ఉంది. తీసుకోని కార్డు ఏదో అది చెబుతుంది, కారణం చెప్పదు. ఊళ్లో లేరేమో, సరుకు అయిపోయిందేమో, వేలిముద్ర కుదరలేదేమో. కనుక విఫలమైన ప్రయత్నాన్ని కూడా తేదీతో సహా ఒక వరుసగా కార్డు నంబరుకు జోడించాలి. కొట్టు మూసి ఉందని వెనుదిరిగినవారికి ఆ వరుస కూడా ఉండదు. వారి ఇంటికి మనిషి వెళ్లి అడగాల్సిందే. ఎవరి ఇంటికి వెళ్లాలో మాత్రం ఈ ప్రశ్న చెప్పగలదు.

నివేదికలు తయారుచేసేవారికీ, చదివేవారికీ ఒకే సూచన. లావాదేవీల మొత్తం పక్కన మరో రెండు అంకెలు అడగండి. సరుకు తీసుకున్న వేర్వేరు కార్డులెన్ని? మూడు నెలలుగా ఒక్క వరుస కూడా లేని కార్డులెన్ని? ఈ రెండోది లేకుండా వచ్చిన నివేదికను వెనక్కి పంపండి.